ఫోల్డర్ల చిరునామా మార్చడానికి డెబియన్‌కు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ప్రభుత్వ కంప్యూటర్లకు దీంతో సంబంధమేంటి?

2024 మార్చిలో తెలంగాణలో కొత్త వాహనాల నంబర్లు ‘టీఎస్’కు బదులు ‘టీజీ’తో మొదలయ్యాయి. అప్పటికే రోడ్ల మీద ఉన్న టీఎస్ బండ్లకు మాత్రం నంబర్ ప్లేట్లు మార్చుకోమని చెప్పలేదు. పాతవి పాతగానే చెల్లుతాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బండి నంబరు ప్లేటు మీద ఒక్కచోటే ఉండదు. ఆర్‌సీలో, బీమా పత్రంలో, ఫాస్టాగ్‌లో, చలాన్ల రికార్డుల్లో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి రిజిస్టర్‌లో కూడా ఉంటుంది. ప్లేటు మార్చడం పది నిమిషాల పని. ఆ నంబరు రాసిపెట్టుకున్న అన్ని చోట్లా మార్చించడం ఎన్నేళ్లయినా పూర్తికాని పని.

కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటి మార్పే ఒకటి జరిగింది. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తన మూల ఫోల్డర్ల అమరికను మార్చుకుంది. చూడటానికి నాలుగు ఫోల్డర్లను ఒకచోటి నుంచి మరోచోటికి జరపడమే. కానీ 2019లో కొత్త కంప్యూటర్లతో మొదలైన ఈ మార్పు లోపలి ప్యాకేజీల దాకా చేరేసరికి 2025 వచ్చింది. మధ్యలో ఘాటైన వాదనలు జరిగాయి, విషయం సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది, ఫైళ్లు మాయమయ్యే ప్రమాదమూ బయటపడింది.

ఇంతకీ ఏం మార్చారు? ఎందుకు మార్చారు? ఇది మన సేవలకు ఎక్కడ తగులుతుంది?

డెబియన్‌తో మనకేం పని?

డెబియన్ ప్రాజెక్టును 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. దీనికి యజమాని అంటూ ఏ కంపెనీ లేదు. ప్రపంచవ్యాప్తంగా ఉన్న స్వచ్ఛంద డెవలపర్లు దీన్ని నడుపుతున్నారు. ఇది ఒక్క ప్రోగ్రామ్ కాదు, ప్రోగ్రామ్‌ల భారీ భాండాగారం. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64,419 ప్యాకేజీలు ఉంటే, 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో ఆ సంఖ్య 69,830కి చేరింది. ప్రోగ్రామ్‌లు, అవి వాడుకునే లైబ్రరీలు, భాషల ఫైళ్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మీ ఇంట్లో డెబియన్ లేకపోవచ్చు. కానీ ఉబుంటు పుట్టింది దీని నుంచే. బడిపిల్లల ప్రాజెక్టుల్లో కనిపించే చిన్న రాస్‌బెర్రీ పై కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఇదే ఆధారం. మన దేశంలో సీ-డాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్ డెబియన్ మీదే కట్టింది. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టులో భాగంగా జిల్లా కోర్టుల జడ్జీలకు, సిబ్బందికి ఉబుంటు లినక్స్‌పై శిక్షణ ఇచ్చారు. కేరళ ప్రభుత్వ బడుల్లో వాడే ‘కైట్’ లినక్స్‌కు ఆధారం ఉబుంటు. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్‌ను తేవడానికి చేసిన కృషిలోనూ డెబియనే పునాది. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది.

అంటే డెబియన్‌లో ఒక ఫోల్డర్ కదిలితే ఆ కదలిక కొన్నాళ్లకు కోర్టు గుమస్తా కంప్యూటర్ దాకా వస్తుంది.

ఏ ఫోల్డర్లు? ఎక్కడి నుంచి ఎక్కడికి?

లినక్స్ కంప్యూటర్‌లో అన్నింటికంటే పైన ఒక మూల ఫోల్డర్ ఉంటుంది. దాని కింద ‘బిన్’, ‘ఎస్‌బిన్’, ‘లిబ్’ అనే ఫోల్డర్లు ఉండేవి. ‘బిన్’లో రోజూ వాడే కమాండ్లు, ‘ఎస్‌బిన్’లో సిస్టమ్ నిర్వాహకుడికి కావలసినవి, ‘లిబ్’లో ప్రోగ్రామ్‌లన్నీ ఉమ్మడిగా వాడుకునే లైబ్రరీలు ఉంటాయి.

విచిత్రం ఏంటంటే, ‘యూఎస్‌ఆర్’ అనే మరో ఫోల్డర్ లోపల కూడా సరిగ్గా ఇవే పేర్లతో ఇంకో జత ఉండేది. అక్కడా ఒక బిన్, ఒక ఎస్‌బిన్, ఒక లిబ్. ఒక కమాండ్ బయటి బిన్‌లో ఉందా, లోపలి బిన్‌లో ఉందా అన్నది ఏళ్లనాటి అలవాటును బట్టి ఉండేది.

ఇప్పుడు జరిగిన మార్పు ఇది: బయట ఉన్నవన్నీ ‘యూఎస్‌ఆర్’ లోపలికి చేరాయి. బయట పాత పేర్లతో బాట చూపే గుర్తులు మాత్రమే మిగిలాయి. ఎవరైనా పాత చిరునామాకు వెళ్తే ఆ గుర్తు వారిని లోపలి ఫోల్డర్‌కు తీసుకెళ్తుంది. సాంకేతికంగా దీన్ని సింబాలిక్ లింక్ అంటారు.

అసలు రెండు జతలు ఎందుకున్నాయి?

కారణం డిస్కులో చోటు చాలకపోవడం. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను రూపొందిస్తున్నప్పుడు వారి పీడీపీ-11 యంత్రంలో ఒక్కో డిస్కులో పట్టేది కొద్ది మెగాబైట్లే. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోకు కూడా ఇప్పుడు ఆ చోటు సరిపోకపోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ పెరిగి మొదటి డిస్కు నిండిపోవడంతో, మిగిలిన భాగాన్ని రెండో డిస్కులోకి పంపారు. వాడుకదారుల సొంత ఫైళ్లుండే ఆ డిస్కు పేరే ‘యూఎస్‌ఆర్’.

తర్వాత డిస్కులు పెద్దవయ్యాయి. విభజన మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి కొత్త కారణాలు కూడా పుట్టాయి. కంప్యూటర్ ఆన్ కావడానికి కావలసినవి బయట, మిగిలినవి లోపల అన్నారు. కొన్నాళ్లు ఇది పనికొచ్చింది కూడా. కానీ ఇప్పటి లినక్స్ ఆన్ అయ్యేటప్పుడు ముందుగా మెమరీలో ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థ లేచి, అదే డిస్కులన్నింటినీ సిద్ధం చేస్తుంది. దాంతో ఆ విభజనకు అవసరం దాదాపు పోయింది.

మార్చితే లాభమేంటి?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌నే తీసుకోండి. అందులో కంపెనీ ఇచ్చిన సిస్టమ్ ఒక విభాగంలో, మీ ఫొటోలు, యాప్‌ల డేటా మరో విభాగంలో ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మీ డేటా పోతుంది, సిస్టమ్ మిగులుతుంది. మామూలు వాడకంలో సిస్టమ్ విభాగం చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు. రెండూ కలగాపులగంగా లేకపోవడం వల్లే ఇది సాధ్యం.

యూఎస్‌ఆర్ విలీనం లక్ష్యం కూడా ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన ఫైళ్లన్నీ ఒకే గొడుగు కింద ఉంటే వాటికి తాళం వేయొచ్చు. వందల కంప్యూటర్లకు ఒకే నకలు ఇవ్వొచ్చు. అప్‌డేట్ చెడిపోతే పాత నకలుకు వెనక్కి వెళ్లొచ్చు. స్థానిక సెట్టింగ్‌లు, డేటా వేరే ఫోల్డర్లలో భద్రంగా ఉంటాయి.

రెండో లాభం, వేర్వేరు లినక్స్‌ల మధ్య పొత్తు. ఫెడోరా 2012లోనే తన 17వ వెర్షన్‌తో ఈ మార్పు చేసేసింది. ఆ తర్వాత మరికొన్ని అదే దారి పట్టాయి. ఒక కమాండ్ ఒకచోట బయటి బిన్‌లో, మరోచోట లోపలి బిన్‌లో ఉంటే ప్రోగ్రామ్ రాసేవారికి తలనొప్పి. రెండు చిరునామాలూ ఒకే చోటికి దారితీస్తే ఆ తేడా పోతుంది.

పాత చిరునామాను పూర్తిగా తీసేయొచ్చు కదా?

అది కుదరదు. లినక్స్‌లో చిన్నచిన్న పనుల కోసం రాసే స్క్రిప్టుల్లో చాలావాటి మొదటి వరుసలోనే ‘బిన్ ఫోల్డర్‌లో ఉన్న ఎస్‌హెచ్‌తో నన్ను నడుపు’ అని ఉంటుంది. ఆఫీసు సర్వర్లలో రాత్రిపూట బ్యాకప్ తీసే స్క్రిప్టుల నుంచి పెద్ద సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్ల దాకా ఇదే వరస. వాటిలో చాలావాటిని రాసినవారు ఇప్పుడు ఆ ఉద్యోగంలో కూడా ఉండరు.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. కంప్యూటర్‌లోని చాలా ప్రోగ్రామ్‌లు మొదలు కావాలంటే ముందు ‘లోడర్’ అనే చిన్న ఫైలు పనిచేయాలి. దాని చిరునామా ప్రతి ప్రోగ్రామ్ లోపలా అచ్చుపడి ఉంటుంది. మామూలు ఇంటెల్, ఏఎమ్‌డీ కంప్యూటర్లలో ఆ చిరునామా బయటి ‘లిబ్64’ ఫోల్డర్‌తో మొదలవుతుంది. ఆ ఒక్క గుర్తు క్షణంపాటు లేకుండా పోయినా, ఆ క్షణంలో కొత్తగా మొదలు కావాల్సిన దాదాపు ఏ కమాండూ నడవదు. తప్పు సరిదిద్దుకుందామన్నా ఆ పనిముట్లూ లేవవు. నిచ్చెన మీద నిలబడి అదే నిచ్చెన మార్చడం లాంటి పని ఇది.

అందుకే పాత చిరునామాలు ఎప్పటికీ పనిచేస్తాయని మాట ఇచ్చాకే ఈ మార్పు ముందుకు సాగింది.

చిక్కు ఎక్కడ వచ్చింది?

కొత్త కంప్యూటర్‌లో కొత్త అమరిక పెట్టడం తేలికే. 2019 జులైలో వచ్చిన డెబియన్ 10 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే కంప్యూటర్లకు ఇదే మామూలైంది. చిక్కంతా అప్పటికే నడుస్తున్న కంప్యూటర్లతో, వేల ప్యాకేజీలతో.

డెబియన్‌లో ప్రోగ్రామ్‌లను ఎక్కించి, తీసేసే పనిముట్టు పేరు ‘డీపీకేజీ’. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో రాసిపెట్టుకునే రిజిస్టర్ దాని దగ్గర ఉంటుంది. ఫోల్డర్లు కలిసిపోయాయి గానీ ఆ రిజిస్టర్‌కు ఆ సంగతి తెలియదు. బయటి బిన్‌లో ఉన్న ఫైలు, లోపలి బిన్‌లో ఉన్న ఫైలు రెండూ వేరనే అది అనుకుంటుంది.

దీనివల్ల ఏమవుతుంది? ఒక ఇంటికి పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ ఉన్నాయనుకోండి. మున్సిపల్ రిజిస్టర్‌లో మాత్రం అవి రెండు వేర్వేరు ఇళ్లు. కొత్త నంబరు కింద కొత్త యజమాని దిగాడు. పాత నంబరు ఇల్లు ఇక అక్కర్లేదు కనుక కూల్చేయమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. సిబ్బంది వెళ్లి ఇల్లు కూల్చేశారు. రిజిస్టర్ ప్రకారం వాళ్లు చేసింది సరైనదే. కానీ కొత్త యజమానికి ఇల్లు లేకుండా పోయింది.

డీపీకేజీతో వచ్చింది సరిగ్గా ఈ ప్రమాదమే. ఒక ఫైలు ఒక ప్యాకేజీ నుంచి మరో ప్యాకేజీకి మారుతూ, అదే సమయంలో బయటి బిన్ నుంచి లోపలి బిన్‌కు కూడా మారిందనుకుందాం. కొత్త ప్యాకేజీ ముందుగా ఆ ఫైలును తెచ్చి పెడుతుంది. తర్వాత పాత ప్యాకేజీ అప్‌డేట్ అవుతూ తన పాత చిరునామాలోని ఫైలును తొలగిస్తుంది. రెండు చిరునామాలూ ఒకే చోటికి వెళ్తాయి కనుక, ఇప్పుడే తెచ్చిన ఫైలే పోతుంది. ఎర్రర్ మెసేజ్ రాదు, అప్‌డేట్ విజయవంతమైందనే కనిపిస్తుంది.

మరో చిక్కు 2018 చివర్లో బయటపడింది. ఒక ప్యాకేజీని తయారుచేసేటప్పుడు తనకు కావలసిన కమాండ్ ఎక్కడుందో వెతికి, ఆ చిరునామాను లోపల అచ్చువేసుకునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. కొత్త అమరిక ఉన్న యంత్రంపై తయారైన ప్యాకేజీ లోపలి బిన్ చిరునామాను అచ్చువేసుకుంటుంది. దాన్ని పాత అమరిక ఉన్న కంప్యూటర్‌లో పెడితే ఆ చిరునామాలో ఏమీ ఉండదు. తయారైన చోట బాగానే పనిచేసేది, వాడే చోట ఆగిపోతుంది.

నిర్ణయం ఎవరు తీసుకున్నారు?

డెబియన్‌కు రాతపూర్వక రాజ్యాంగం ఉంది. డెవలపర్లు తమలో తాము తేల్చుకోలేని సాంకేతిక వివాదాలు గరిష్ఠంగా ఎనిమిది మంది ఉండే టెక్నికల్ కమిటీ ముందుకు వెళ్తాయి. ఈ వివాదం కూడా అక్కడికే వెళ్లింది, అదీ ఒక్కసారి కాదు.

2021లో కమిటీ తేల్చింది: డెబియన్ 12 నుంచి కొత్త అమరిక ఒక్కటే ఉంటుంది. అదే ఏడాది మరో జాగ్రత్త కూడా చెప్పింది. డెబియన్ 12 వచ్చేదాకా ప్యాకేజీల్లోని ఫైళ్లను బయటి నుంచి లోపలికి మార్చొద్దని. ఫైళ్లు మాయమయ్యే ప్రమాదాన్ని ఆపడానికి వేసిన తాత్కాలిక అడ్డుకట్ట అది. దాంతో కొన్నాళ్లు వింత పరిస్థితి. డిస్కు మీద ఫోల్డర్లు కలిసిపోయాయి, ప్యాకేజీల కాగితాల్లో మాత్రం ఇంకా పాత చిరునామాలే.

డీపీకేజీని చూసుకునేవారు ఈ పద్ధతిని మొదటి నుంచీ బాహాటంగా వ్యతిరేకించారు. ముందు ఒక్కో ప్యాకేజీలో ఫైళ్లను పద్ధతిగా మార్చుకుంటూ రావాలి, పనిముట్టుకు తెలియకుండా దాని కాళ్ల కింద ఫోల్డర్లు కలపకూడదన్నది వారి వాదన. వేల ప్యాకేజీలను ఒక్కొక్కటిగా మారుస్తూ కూర్చుంటే ఎప్పటికీ పూర్తికాదన్నది అవతలి వాదన. ఎవరి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒకరు రిజిస్టర్ నిజాయతీ గురించి మాట్లాడారు, మరొకరు పని పూర్తికావడం గురించి.

డెబియన్ 12 వచ్చింది 2023 జూన్ 10న. పాత కంప్యూటర్లను ఆ వెర్షన్‌కు మార్చేటప్పుడే ఫోల్డర్ల విలీనం కూడా జరిగిపోయేలా చేశారు. ఆ తర్వాత అడ్డుకట్ట తీశారు. హెల్ముట్ గ్రోనె అనే డెవలపర్ ముందుండి, ఏ సందర్భంలో ఏ ఫైలు పోతుందో ఒక్కో రకంగా విడదీసి, ఒక్కోదానికి విరుగుడు రాసి ‘డెప్-17’ అనే ప్రతిపాదనగా పెట్టారు. దాని ప్రకారం డెబియన్ 13 వచ్చేలోపు ప్యాకేజీల్లోని చిరునామాలు కూడా మారాయి. ఇప్పుడు కాగితం, డిస్కు రెండూ ఒకటే చెబుతున్నాయి.

ఈ శుభ్రపరిచే పనికి ఫ్రెక్సియన్ అనే సంస్థ నిధులిచ్చింది. స్వచ్ఛంద ప్రాజెక్టు కదా అని అన్ని పనులూ ఉత్సాహంతో జరిగిపోవు. కొత్త ఫీచర్ రాయడానికి ముందుకొచ్చేవారు దొరుకుతారు. ఎవరికీ కనిపించని ఇలాంటి సర్దుబాటుకు నెలల తరబడి కూర్చునే మనిషి కావాలంటే ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి.

మిగతాచోట్ల ఎలా చేశారు?

సీ ప్లస్ ప్లస్ భాషలో రాసేవారికి ‘బూస్ట్’ లైబ్రరీల సమాహారం బాగా తెలుసు. వందకు పైగా లైబ్రరీలు ఒకప్పుడు ఒకే పెద్ద చెట్టుగా ఉండేవి. 2013 డిసెంబరులో గిట్‌కు మారినప్పుడు ఒక్కో లైబ్రరీని వేరే కుండీలో నాటినట్టు విడదీశారు. ఒక్కో లైబ్రరీ హెడర్ ఫైళ్లు దాని సొంత ఫోల్డర్‌లోకి వెళ్లాయి. కానీ వాడేవారు తమ ప్రోగ్రామ్‌లో రాసే చిరునామా మాత్రం మునుపటిలా ‘బూస్ట్’తోనే మొదలవుతుంది. లోపల గదులు మారాయి, వీధి గుమ్మం మారలేదు.

లక్షకు పైగా ప్యాకేజీలున్న ‘నిక్స్‌ప్యాకేజెస్’ది మరో సమస్య. అక్కడ ప్యాకేజీలను రకాలవారీగా ఫోల్డర్లలో పెట్టేవారు. ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్ పనిముట్టా, అప్లికేషనా అన్న ప్రశ్నకు ఇద్దరు రెండు జవాబులిస్తారు. 2023 నుంచి పేరులోని మొదటి రెండు అక్షరాల ఫోల్డర్‌లో ప్యాకేజీని పెట్టే పద్ధతి తెచ్చారు. ‘హలో’ అనే ప్యాకేజీ కోసం దాని పేరుతోనే వెతకొచ్చు, రకంతో పనిలేదు. పాతవాటిని ఒకేసారి తరలించలేదు. ముందు కొత్తగా వచ్చేవాటికి నియమం పెట్టి, పాతవాటిని మెల్లగా తెచ్చారు. టీజీ నంబర్ల పద్ధతి లాంటిదే.

మూడింటిలోనూ బయటివారు వాడే చిరునామాకు వీలైనంత భంగం రానివ్వలేదు. డెబియన్‌కు ఎక్కువ కష్టమైంది ఎందుకంటే, అక్కడ మార్చాల్సింది తయారీదారుల గదిని కాదు, కోట్లాది పనులు నడుస్తున్న కంప్యూటర్లను, అవి ఆగకుండానే.

ఇంత శ్రమ అవసరమా?

ఈ ప్రశ్న అడిగినవారు డెబియన్‌లోనే చాలామంది. సాధారణ వాడుకదారుకు కొత్తగా కనిపించేది ఏమీ లేదు. కంప్యూటర్ వేగం పెరగలేదు. అయితే మార్చకపోయినా ఖర్చు తప్పదు. మిగతా లినక్స్‌లన్నీ ఒక దారిలో వెళ్తుంటే, పాత విభజనను కాపాడటానికి ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ విడిగా అతుకులు వేస్తూ ఉండాలి. ఆ ఖర్చు ఏటా వస్తుంది, ఎవరి లెక్కల్లోనూ కనిపించదు.

తప్పు మార్పులో కంటే వరసలో జరిగిందనడం న్యాయం. ముందు రిజిస్టర్‌కు కొత్త సంగతి నేర్పి, తర్వాత ఫోల్డర్లు కలిపి ఉంటే మధ్యలో అన్నేళ్ల ప్రమాదం ఉండేది కాదు. ఫోల్డర్లు ముందు కలిపారు, లెక్కలు తర్వాత సరిచేశారు. మన దగ్గర కూడా సేవలను కొత్త పోర్టల్‌కు మార్చాక, పాత రికార్డులు అందులో కనిపించక దరఖాస్తుదారులు తిరగడం కొత్తేమీ కాదు.

ప్రభుత్వ కార్యాలయాలు ఏం చూసుకోవాలి?

డెబియన్ ఒక్కో వెర్షన్‌కు మూడేళ్ల పూర్తి సహకారం, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక సహకారం ఉంటాయి. అంటే ఐదేళ్లకోసారైనా మారక తప్పదు. వెర్షన్లను దాటేస్తూ దూకడానికి అధికారిక మద్దతు లేదు. 11 నుంచి 12కు, ఆ తర్వాతే 13కు వెళ్లాలి. మధ్య మెట్టు దాటేస్తే విలీనం సరిగా జరగకపోవచ్చు.

రెండోది, సొంతంగా తయారుచేసుకున్న ప్యాకేజీలు. స్థానిక అవసరాలకు కాంట్రాక్టర్ చేసిచ్చిన ప్యాకేజీలో పాత బయటి చిరునామాలు ఉంటే, డెబియన్ అందరికీ ఇచ్చిన విరుగుడు దానికి వర్తించదు. దాన్ని తెరిచి సరిచేయాల్సింది కార్యాలయమే.

మూడోది, భద్రతా నియమాలు. ‘ఈ చిరునామాలో ఉన్న ప్రోగ్రామ్‌నే నడవనివ్వు’ అని రాసిపెట్టిన నియమం ఒక చిరునామానే గుర్తిస్తే, అదే ప్రోగ్రామ్ రెండో చిరునామాతో వచ్చినప్పుడు ఆగిపోవచ్చు.

నాలుగోది అన్నింటికంటే చవకైనది. ప్రజలకు సేవలందించే సర్వర్ మీద కాకుండా, దాని నకలు మీద ముందుగా అప్‌గ్రేడ్ చేసి చూడటం. అప్‌డేట్ అయిపోయిందని తెర మీద వచ్చిన మాటను నమ్మకుండా, ఏ ప్యాకేజీకి చెందిన ఫైళ్లు నిజంగా ఉన్నాయో సరిచూసుకోవడం.

ఇక ఐదోది కార్యాలయం స్థాయిది కాదు, విధానం స్థాయిది. డెబియన్‌లో ఈ వాదనలన్నీ బహిరంగంగానే జరిగాయి. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కోర్టులు, బడులు, కార్యాలయాలు ఈ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నప్పుడు, ఆ వాదనలు వినే మనిషి ప్రభుత్వం తరఫున కూడా ఒకరుండాలి. వీధి పేరు మార్చే ముందు ఆ వీధిలో ఉండేవారిని అడగడం పద్ధతి. ఇక్కడ అడిగేవారు ఉన్నారు, సమావేశం తలుపులు కూడా తెరిచే ఉన్నాయి. వెళ్లి కూర్చోవాల్సింది మనమే.